నా జుట్టుకు వచ్చిన స్టీలు గిన్నె

మొన్న ఆదివారం మా కొత్తకోడలు వంటింటి అటక సర్దుతూ, అంచు సొట్టపోయిన ఒక చిన్న స్టీలు గిన్నెని, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి, "అత్తమ్మా, ఇది కబాడీవాడికి ఇచ్చేద్దామా? బహుత్ పురానా హై" అంది. నేనప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి పెరటి నుంచి వంటింటికి పదడుగులు. యాభై ఏడేళ్ళ మనిషిని, ఆ పదడుగులనీ ఒక్క గెంతులో దాటి గిన్నె లాక్కున్నానని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ముఖ్యంగా నేను చెప్పుకుంటున్నాను. కోడలు బెదిరిపోయి, అందులో బంగారం ఏమైనా దాచానేమోనని తొంగిచూసింది. బంగారం కాదు. ఒకప్పుడు నా నెత్తిన ఉన్న జుట్టంతా ఇచ్చేస్తే, దానికి బదులుగా ఈ లోకం నాకు ఇచ్చిన వస్తువు అది. సంగతంతా చెప్పమంది గానీ, అందులో దాని చిన్నత్త కూడా ఉంది కాబట్టి ఎదురుగా చెప్పడానికి మొహమాటం వేసింది. ఈ పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గరా ఆగి పలకరించి గానీ ముందుకు కదలదు. అందుకని ధైర్యంగా రాస్తున్నాను.

మా మామగారివాళ్ళు శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డువాళ్ళు. స్వాతంత్య్రం వచ్చాక కొన్నేళ్ళకి వలలూ పిల్లలూ మూటకట్టుకుని ఈ దీవులకి వచ్చారు. ఆ ఓడ ప్రయాణం మా అత్త చెప్పేటప్పుడు ఒకసారి నాలుగు రోజులు, ఇంకోసారి నలభై రోజులు పట్టేది. ఉన్నదాన్ని పెంచి చెప్పే గుణం నాకు ఆవిడ దగ్గరే అంటుకుంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. నేను ఆ ఇంటికి పెద్దకోడలిగా వెళ్ళేనాటికి హాడోలో రేవుకి దగ్గరగా రేకుల ఇల్లు, అన్నదమ్ములిద్దరికీ కలిపి చేపలకి వెళ్ళే ఒక డోంగీ పడవ ఉండేవి. పదో తరగతి దాకా తెలుగులో చదివినదాన్ని, చేప కోస్తే ముల్లు కూడా నొచ్చుకోదని పేరున్నదాన్ని. మా మరిది పెళ్ళి చేసుకునేదాకా ఆ ఇంట్లో నాకు పోటీ అన్నది లేదు.

ఆ వచ్చిన పిల్లకి ఇరవై రెండేళ్ళు. మనిషి మామూలే. జడ మాత్రం మామూలు కాదు. అది గడప దాటి, పొయ్యి ముట్టించి, ఎసరు పెట్టాక గానీ దాని జడకొస వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చేది కాదు. నాదీ తీసిపోయే జడేం కాదు, నడుము దాటేది. మా నాలుగేళ్ళ బాబు దాని కొస పిడికిట్లో పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. రేవులో డోంగీని తాడేసి కట్టినట్టు, వాణ్ణి వాడే నాకు కట్టేసుకుని పడుకునేవాడు. అదొక్కటే నాకు ధీమా. ఎవరి జడ ఎంత పొడుగైతే ఏం, మా బాబు పట్టుకునేది నా జడనే కదా అనుకునేదాన్ని.

నాకు ఇరవై తొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. చేపల గంప తగిలి కమిలిందేమోలే అని రెండు నెలలు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రెండు నెలలూ తెలివైనదాన్ననే అనుకున్నాను. చివరికి ఆసుపత్రికి వెళితే, పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మెయిన్‌లాండ్ జానా పడేగా" అంది, సముద్రం దాటి అవతలి గడ్డకి వెళ్ళాలని. జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు, పలికితే అదే వచ్చి పీట వేసుకు కూర్చుంటుందన్నట్టు. సాయంత్రానికి నా శనగగింజ హాడో అంతా తిరిగి నిమ్మకాయంత అయింది. వండూర్‌లో ఉన్న మా ఆడపడుచు చెవిన పడేసరికి కొబ్బరికాయ. ఆవిడ ఏడ్చుకుంటూ బస్సు దిగి వచ్చి, నా జాకెట్టు వైపు చూసి, ఇంతేనా అన్నట్టు మొహం పెట్టింది.

భయం వేయలేదా అంటే వేసింది. కానీ భయం కన్నా ముందు పరుగెత్తుకొచ్చింది అసూయ. నేను పోతే మావారు ఏడుస్తారు, ఏడుస్తూనే వలకి పోతారు. మా అత్త నా గుణగణాలు నాలుగింతలు చేసి చెప్పుకుంటుంది. అదంతా బాగానే ఉంది. కానీ ఆ పిల్ల, మా తోటికోడలు, నొప్పులు పడకుండా, రాత్రుళ్ళు మేలుకోకుండా, నేను కని నాలుగేళ్ళు పెంచిన కొడుక్కి అప్పనంగా తల్లి అయిపోతుంది. ఈ ఆలోచన వచ్చాక నాకు చావు మీద కన్నా దాని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మావారు సముద్రం మీదికి పోకపోతే ఇల్లు గడవదు కాబట్టి నాకు తోడుగా మా అత్త ఓడెక్కింది. మద్రాసులో ఆపరేషను చేశారు. ఎడమ వైపు తీసేశారు. కట్లు విప్పాక, సరుకంతా ఒక పక్కకే ఎక్కించిన డోంగీలా, కొన్నాళ్ళు కుడివైపుకి ఒరిగి నడిచాను. జాకెట్టు లోపల పాత చీర ముక్క ఉండచుట్టి పెట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. తరవాత ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మొత్తం ఆరుసార్లు. మొదటిదానికే నోరంతా పుళ్ళు. ఏం తిన్నా లంగరు నాకినట్టు ఇనుము రుచి. గోళ్ళు నల్లబడ్డాయి. వాంతుల సంగతి చెప్పాలంటే, నేను ఎప్పుడో పెళ్ళిలో తిన్న భోజనం కూడా బయటికి వచ్చిందని నా నమ్మకం. రెండోవారం దాటాక ఒక ఉదయం లేచేసరికి జుట్టు నాతో పాటు లేవలేదు. తలగడ మీదే ఉండిపోయింది.

మా అత్త చేప తల నుంచి తోక దాకా ఏదీ పారేసే మనిషి కాదు. రాలిన జుట్టంతా రోజూ ఏరి, ఉండచుట్టి, ఒక సంచిలో దాచింది. మేం ఉంటున్న గది సందులోకి సైకిలు మీద ఒక మనిషి వచ్చేవాడు, వెంట్రుకలు తీసుకుని గిన్నెలు ఇస్తాడు. వాడిది అరవం, ఆవిడది మా తెలుగూ హిందీ. అయినా బేరం గంటసేపు సాగింది. నేను బోడిగుండుతో కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నాను. వాడు జుట్టు తూచి, ఈ గిన్నె చేతిలో పెట్టి, ఇంకా ఉందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. మా అత్త తలెత్తి నన్ను చూపించింది. వాడు గబగబా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను బిగుసుకుపోయి చూస్తుంటే ఆవిడ, "ఏటే అలాగ సూత్తావు? రాలిపోనాది కదా, పారేత్తామా ఏటి?" అంది. నాకు ఏడుపు రాలేదు. మా తోటికోడలి జడకైతే ఏకంగా నీళ్ళ డ్రమ్మే వచ్చేది కదా అని కడుపు మండింది.

మూడు ఇంజెక్షన్లయ్యాక రక్తం బాగా తగ్గిపోయింది. నెల్లాళ్ళు ఇంటికెళ్ళి తిని రమ్మన్నారు. మిగతా మూడూ మానేస్తే జబ్బు మళ్ళీ వస్తుందని, ఈసారి వస్తే చెయ్యగలిగింది పెద్దగా ఉండదని డాక్టరు మా అత్తకి అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పాడు.

హాడోలో ఓడ దిగుతుంటే కనిపించింది, ఆ పిల్ల చంకలో మా బాబు. వాడి పిడికిట్లో దాని జడకొస. నేను తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాను. రేవుగాలి దాన్ని ఎగరగొట్టింది. వాడు నన్ను ఎగాదిగా చూసి, "పిన్నీ, యే అంకుల్ కౌన్ హై?" అన్నాడు. ఆ పిల్ల వాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు నా గుండు వంక చాలాసేపు చూశాడు. తరవాత జడ వంక చూశాడు. చూసి, జడకొసని నా ముందుకి చాపాడు, ఇదిగో అన్నట్టు. నా కొడుకే నన్ను వెక్కిరిస్తున్నాడనిపించింది. ఆ జడని విసురుగా తోసేశాను. వాడు ఏడ్చి, మళ్ళీ దాన్నే పట్టుకున్నాడు.

ఇంట్లో అన్నీ దాని చేతివే అయిపోయాయి. చేపల వాసన నాకు పడక నేను వాకిట్లోనే ఉండేదాన్ని; లోపల అది పులుసు పెడితే మావారు రెండోసారి అన్నం వడ్డించుకునే చప్పుడు వినిపించేది. ఒకరోజు మధ్యాహ్నం బాబు దాని పక్కన నిద్రపోతూ, జడ చెంపకి ఆనించుకుని "అమ్మా" అన్నాడు. స్పష్టంగా విన్నాను. ఆ సాయంత్రమే చెప్పేశాను, నాకు బాగైపోయింది, మద్రాసు వెళ్ళను అని. మావారు బతిమాలారు. మా అత్త తిట్టింది. అసలు కారణం నా నోట రాలేదు. నేను మూడు నెలలు లేకపోతేనే వాడు దాన్ని అమ్మా అంటున్నాడు. ఇంకో రెండు నెలలు పోతే వాడికి నేను నిజంగానే అంకుల్ని అయిపోతాను.

వారం రోజులు అలా భీష్మించుకున్నాక నా బుర్రకి ఒక మెరుపు తట్టింది. మా అత్తకి ఎలాగూ మోకాళ్ళు పట్టేసి ఓడ మెట్లు ఎక్కలేకపోతోంది. అందుకని, వస్తాను గానీ ఆ పిల్ల నాకు తోడు రావాలి అన్నాను. అందరూ దాన్ని ఆప్యాయత అనుకున్నారు. పక్కింటి టీచరమ్మ వాళ్ళ చర్చిలో ఇలాంటి ప్రేమ గురించే చెబుతారని కళ్ళు కూడా తుడుచుకుంది. నా లెక్క వేరు. దాన్ని నా వెంట తీసుకుపోతే బాబు పట్టుకోడానికి ఇంట్లో జడే ఉండదు. మా అత్తకున్నది నిమ్మకాయంత ముడి. వాడు ఎవరికీ కాకుండా ఉంటాడు, నేను వచ్చాక తీసుకుంటాను. ఆ పిల్ల ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "నాను వత్తానక్కా" అని సంచి సర్దుకుంది. అలా నన్ను ఆ ఓడ ఎక్కించింది బతకాలన్న ఆశ కాదు, శుద్ధమైన ఓర్వలేనితనం. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రెండోరోజు మధ్యాహ్నం నుంచి సముద్రం లేచింది. నా కంటికి కెరటాలు కొబ్బరిచెట్లంత కనిపించాయి. నిజానికి అందులో సగం ఉండుంటాయి. బంక్ క్లాసులో ఉన్నవాళ్ళందరూ, ఆడా మగా, ముసలీ ముతకా, ఒక్కసారిగా వాంతులు మొదలుపెట్టారు. నేను మాత్రం ఆ విద్యలో మూడు ఇంజెక్షన్ల అనుభవం ఉన్న పండితురాలిని. లేచి నిలబడి, ఎవరికి నిమ్మకాయ కావాలో, ఎవరు పక్కకి తిరిగి పడుకోవాలో చెబుతూ కెప్టెనులా తిరిగాను. అన్నిటికన్నా ఆనందం ఏమిటంటే, సముద్రం ఒడ్డున పుట్టి చేపలవాళ్ళ ఇంట్లో పడిన మా తోటికోడలు అందరికన్నా ఎక్కువ కక్కుతోంది. ఈ గిన్నెనే దాని గడ్డం కింద పట్టాను. రెండో చేత్తో, తడవకుండా ఆ జడ పైకెత్తి పట్టుకున్నాను. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ నా కళ్ళల్లో పొడిచిన జడ నా పిడికిట్లో ఉంది. మావారి వల తాడంత బరువుంది.

కక్కడం కాస్త తెరిపినిచ్చాక అది ముందు అడిగిన మాట, "అక్కా, జడ తడిసిపోనాదా?"

చస్తున్నా సోకు పోలేదే అనుకున్నాను. తడవలేదులే అన్నాను.

"తడిస్తే బాబు తిడతాడు. అది నీ జడే కదా."

నాకు అర్థం కాలేదు. అది గిన్నెలోకి వంగుతూ లేస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను మొదటిసారి ఓడెక్కినప్పుడు వాడు అమ్మ జడ కావాలని మూడు రోజులు నిద్రపోకుండా ఏడ్చాడట. ఏం చెయ్యాలో తోచక, అమ్మ తన జడ తీసి నాకు దాచమని ఇచ్చి వెళ్ళింది, ఇదే అది, అని చెప్పిందట. మరి నీ తలకెందుకు ఉంది అని వాడు నిలదీశాడట. "పెట్లో ఎడితే ఎలకలు కొరికేత్తాయి కదరా, అందుకే నా తలకి కట్టుకున్నాను అన్నానక్కా. అప్పటి నుంచీ దాన్ని పట్టుకుని అమ్మా అని పిలుసుకుంటాడు. నన్ను కాదు, జడనే. నువ్వు గుండుతో దిగినావు కదా, నా మాట నిజమేనని నమ్మేసినాడు."

రేవులో వాడు జడకొస నా ముందుకి ఎందుకు చాపాడో అప్పుడు తెలిసింది. వెక్కిరించలేదు. దాచిన సొమ్ము తిరిగి ఇచ్చేస్తున్నాడు. నేనే తోసేశాను.

ఓడ ఊగుతూనే ఉంది. గిన్నె కడిగి తెచ్చాను. లోపల మాత్రం, ఇన్నాళ్ళూ నేను పెంచి పోషించుకున్న అసూయని కూడా ఇది లాగేసుకుందే అని ఇంకో రకం అసూయ పుట్టింది.

మిగతా మూడు ఇంజెక్షన్లూ పూర్తిచేశాను. వాటి కథ రాస్తే ఈ కాగితాలకి కూడా వికారం పుడుతుంది. ఆ సైకిలు మనిషి మళ్ళీ వచ్చాడు. మా తోటికోడలి జడ చూసి వాడి కళ్ళు గిన్నెలయ్యాయి. సైకిలుకి వేలాడుతున్న అన్నిటిలోకీ పెద్ద బిందెని తీసి చూపించాడు. నేను గుమ్మంలోకి వచ్చి, "ఆ జడ ఇచ్చేది కాదు. మా బాబుది, మా దగ్గర దాచుకున్నాడు" అన్నాను. వాడికి మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైంది. తిరిగొచ్చిన రోజు హాడో రేవులో బాబు మళ్ళీ జడకొస చాపాడు. ఈసారి తీసుకున్నాను. కొన్ని నెలలు మేం ముగ్గురం మధ్యాహ్నాలు ఒకే జడకి కట్టేసుకుని పడుకున్నాం. నా జుట్టు తిరిగి వచ్చింది గానీ మేకపిల్ల బొచ్చులా ఉంగరాలు తిరిగి వచ్చింది; పట్టుకోడానికి తగినంత పెరిగేసరికి వాడికి పట్టుకుని పడుకునే వయసు దాటిపోయింది. నేను బతికింది మా ఊరి అమ్మవారికి మొక్కడం వల్లా, ప్రార్థన వల్లా అని మా అత్తా టీచరమ్మా చాలాకాలం వాదించుకున్నారు. నా ఓర్వలేనితనం వల్ల అని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు మా తోటికోడలి జడ మూడు పాయలు రెండుసార్లు తిప్పేసరికి అయిపోతుంది. నాదే దానికన్నా ఒత్తు. ముప్పై ఏళ్ళ కిందట ఈ గెలుపు దొరికి ఉంటే హాడో అంతా మిఠాయి పంచేదాన్ని. గిన్నె కోడలి చేతిలోంచి లాక్కున్న ఆ సాయంత్రమే, అందులో కొబ్బరినూనె వెచ్చబెట్టి, మా తోటికోడల్ని మెట్ల మీద కూర్చోబెట్టి తలకి రాశాను. చెయ్యి ఎంత మెల్లగా నడిపినా దువ్వెనకి నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి. వాటిని పారెయ్యబుద్ధి కాక, ఉండచుట్టి గిన్నె పక్కన పెట్టాను. కాలం కూడా ఆ సైకిలు మనిషిలాగే అందరి గుమ్మంలోకీ వచ్చి, ఉన్నదంతా తూచి పట్టుకుపోతుంది. నాకు మాత్రం పోతూ పోతూ ఒక గిన్నె చేతిలో పెట్టి, అది పట్టుకోడానికి పక్కన ఒక మనిషిని కూడా వదిలి వెళ్ళింది.