హెల్మెట్లో టమోటాలు

"కళ్ళు మూసుకోమ్మా, ప్రార్థన చేస్తాను" అంటా ఉండాది మా చర్చి పాస్టరమ్మ. నేను రోడ్డు మీద కాళ్ళు చాపుకొని కూచోనుండాను. చుట్టూ గొర్రెలు. సైకిల్ ఒక పక్క, చెప్పు ఇంకో పక్క. ఈమె ఇక్కడెందుకుండాది, ఈరోజు ఆదివారమా, ఇది ఉదయగిరేనా, నాకు ఒక్కటీ తెలియడం లే.

ఆ రోజుల్లో, అంటే నా పెళ్ళి కాకముందు, ఉదయగిరిలో కొయ్య చెంచాలకు నునుపు పట్టే పనికి సైకిల్ మీద పోతావుండేదాన్ని. నాయన ఆత్మకూరు పోయి హెల్మెట్ కొనుక్కొచ్చి, "ఇది తల మీదుంటేనే సైకిల్. లేదంటే పనీ వద్దు, ఏమీ వద్దు" అన్నాడు. నాకు ఆ పనంటే ప్రాణం. కానీ మా పక్క సైకిల్‌కి హెల్మెట్ ఎవురు పెడతారు చెప్పండి. పనిలో అక్కోళ్ళు "ఏంమే, ఆకాశం ఎక్కతావా" అని ఒకటే ఎగతాళి. అందుకని మలుపు దాటంగానే తీసి హ్యాండిల్‌కి తగిలించేదాన్ని. ఖాళీగా ఎందుకులే అని ఆ సాయంత్రం దాంట్లో టమోటాలు పోయించుకున్నాను. (బొక్కలుండాయి గానీ టమోటా జారేంత కాదులెండి.) దిగుడులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. తల రాయికి తగిలిందంట, ఆ దోవన పోతా పాస్టరమ్మ చూసి ఆగిందంట, అదీ ఇదీ తర్వాత గొర్రెలోళ్ళు చెప్తేనే తెలిసె.

పాస్టరమ్మ మొదలుపెట్టంగానే నా చెయ్యి దానంతటదే ముసుగు కోసం వెతికింది. మాలో ఆడోళ్ళు తల మీద గుడ్డ లేకుండా ప్రార్థనలో కూచోరు. చున్నీ చూస్తే చక్రంలో ఇరుక్కోనుండాది. చేతికి హెల్మెట్ దొరికింది. తలకు పెట్టుకొని కళ్ళు మూసుకున్నాను. లోపల చల్లగా అనిపించింది. (దేవుడు తాకినాడు అనుకున్నాను.)

ఆమెన్ అనేలోపల ఎవురో ఫోన్ చేస్తే నాయన వచ్చినాడు. బిడ్డ తల మీద హెల్మెట్, దాని బొక్కల్లోంచి ఎర్రగా కారతా ఉండాది. నెత్తురే అనుకున్నాడు. పెద్ద డాక్టరే కావాలని ఆత్మకూరికి ఆటో ఎక్కించినాడు. ఎవురన్నా హెల్మెట్ తీయబోతే "తీయబాకండయ్యా, అదే తలను పట్టుకోనుండాది" అని అడ్డం పడినాడు. ఆత్మకూరు దాకా అట్నే పోయినాము.

డాక్టరమ్మ హెల్మెట్ మెల్లగా ఎత్తి, నా జుట్టులోంచి ఒక తొక్క తీసి వెలుతురులో చూసింది. "ఇది టమోటా కదా."

"టమోటానా" అన్నాడు నాయన.

"టమోటానా" అన్నాను నేను కూడా. దెబ్బకి నాకూ నిజంగా గుర్తులేదు.

ఆమె నా చెవి పైన నిమ్మకాయంత బుడిపె చూపించింది. "టమోటాలు హెల్మెట్లో ఉంటే, పడేటప్పుడు నీ తల ఎక్కడుందమ్మా? ఇంకాస్త గట్టిగా తగిలుంటే మీ నాన్నను గుర్తుపట్టేదానివి కాదు."

బస్సులో తిరిగొస్తా నాయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకొని విత్తనాలు గోటితో గీరతా కూచున్నాడు. తిట్టుంటే నాకు ధైర్యంగా ఉండేది. తిట్టలేదంటే సైకిల్ పోయినట్టే.

అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు జాలీ, నవ్వూ రెండూ వస్తాయి. తెల్లారి లేసి, మొహం కూడా కడక్కముందే హెల్మెట్ పెట్టుకొని, బుడిపె నొప్పికి కళ్ళల్లో నీళ్ళొస్తావున్నా పట్టీ బిగించి, నాయన ఎదురుగా కూచొని కాఫీ తాగినాను. ఆయన గోడకున్న గుడ్డసంచి తీసి నా ఒళ్ళో పడేసినాడు. "కూరగాయలకి" అన్నాడు.

నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి, బుడిపె మీద మెత్తగా వేసుకొని, పైన మళ్ళీ హెల్మెట్ పెట్టుకున్నాను.