గంజి పెట్టిన గాలితెర

నా భార్య స్వప్న ఉద్యోగాన్ని గంజిలో ముంచబోయిన ఘనుణ్ని నేనే. మా చుట్టాలందరూ నవ్వేశారు, ఇక మీ వంతు.

అప్పట్లో నాకో టూరింగ్ బైకు ఉండేది. దేశాలు తిరగాల్సిన ఆ బండి మీద నేను తిరిగింది సిరిసిల్ల నుంచి కోరుట్లలోని అత్తగారింటికి. కాస్త వేగం అందుకుంటే చాలు, ముందద్దం మీంచి దూకిన గాలి నా హెల్మెట్‌ను మగ్గంలా టకటకలాడించేది. జగిత్యాల వెళ్లి డిఫ్లెక్టర్ కొన్నాను. గాలిని తల మీంచి దాటించే ప్లాస్టిక్ రెక్క అది. బిగించాక గాలి దెబ్బ గడ్డం నుంచి నుదుటికి ఎక్కింది, అంతే! ఇంకో జానెడు ఎత్తు కావాలి.

ఇంకొకరైతే దుకాణానికి తిరిగి వెళ్లేవారు. నేను మరమగ్గాల ఇంట్లో పుట్టాను కదా, ఏది మెత్తబడినా గంజి పెట్టడమే మాకు తెలిసిన వైద్యం. పాత గుడ్డకు చిక్కటి గంజి పట్టించి, ఎండబెట్టి, అట్టలా బిగుసుకున్నాక ఆ రెక్కకు కట్టాను.

మర్నాడే కోరుట్లలో స్వప్నకు నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూ. పెళ్లయినప్పటి నుంచి దాని కోసమే చూస్తోంది.

“గిదేందయ్యా, బండికి లుంగీ కట్టినవ్?”

“గాలి ఆగుతది సూడు. నీ ఎంటిక సుత కదలది.”

“బస్సుకు పోదాం. పదింటికల్లా ఆడ ఉండాలె.”

“నేనుండంగ బస్సెందుకు?”

నిజంగానే దారిలోని కథలాపూర్ దాకా గాలి ఊసే లేదు. గర్వంతో హెల్మెట్ అద్దం పైకెత్తి ఈల కూడా వేశాను. అప్పుడే కాలం కాని కాలంలో చెడగొట్టు వాన మొదలైంది. తడిస్తే గంజి కరుగుతుందని పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ని, గుడ్డ ఎగిరొచ్చి నా ముఖానికి అతుక్కున్నాక గాని అది గుర్తు రాలేదు.

“స్వప్నా, ఏం కనవడ్తలేదు!”

“బ్రేకెయ్యి! బ్రేకెయ్యవయ్యా!”

వేశాను. బండి మెల్లగా వెళ్లి రోడ్డు పక్కన ఆరబోసిన పసుపు కొమ్ముల కుప్పలో ఒరిగింది. కుప్ప మీద కవరు కప్పుతున్న ఒక ముసలవ్వ కేకేసింది.

“ఎవల్రా నువ్వు? మూతికి గా గుడ్డేంది?”

“గాలి కొట్టకుంట అవ్వా...”

“ఆయన ముచ్చట ఇడిసిపెట్టు అవ్వా,” అంది స్వప్న. “పదింటికి నాకు ఇంటర్వ్యూ ఉన్నది.” నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అవ్వ తన కొంగుతో స్వప్న ముఖం తుడిచింది. పసుపు ఎత్తడానికి ట్రాలీ ఆటోతో వచ్చిన కొడుకును పిలిచింది. “పసుపు తడిస్తె మల్ల ఆరుతది. ముందు గీ బిడ్డను దింపిరా.” నా వైపు తిరిగి, “నువ్వేడికి? పట్టు, కవరు గప్పు!” అంది.

ఉద్యోగం వచ్చింది. నర్సు పని ఎందుకు ఎంచుకున్నావని వాళ్లు అడిగారట. “మా ఆయన బండి నడుపుతడు సార్, ఇంట్ల ఒక నర్సు ఉండాలె,” అందట స్వప్న. ముందు నవ్వి, తర్వాత తీసుకున్నారట.

ఆ అవ్వ చల్లగా ఉండాలి. పంట తడుస్తున్నా పరాయి బిడ్డను ముందు చూసిన ఆ తల్లికి బతికినంత కాలం దండం పెట్టుకుంటాను. సమస్త ప్రజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వానాకాలంలో బండికి గంజి పెట్టను. ఎండాకాలంలో కూడా పెట్టొద్దని పక్కనుంచి మా నర్సమ్మ రాయిస్తోంది.