మొన అరగదీసిన కత్తి

మా వియ్యంకులవారు కన్నుమూశారని కోడలు ఫోన్‌లో చెప్పింది. "నాన్నగారు వెళ్ళిపోయారు మావయ్యగారూ" అని, "కత్తుల గదిలోనే, కుర్చీలో" అంది.

అమెరికాలో మేముండే ఇర్వింగ్‌లో ఆ గది చూడని తెలుగువారు తక్కువ. లోహశాస్త్రం చదివి, ఇంజనీరుగా ఉద్యోగ విరమణ చేసిన ఆయన సైనికుల కత్తులు సేకరించేవారు. పారాయణాలతో పొద్దుపుచ్చే నాకు తొలినాళ్ళలో ఆ గడప దాటాలంటే జంకు. "రండి బావగారూ, ఏవీ కరవవు" అంటూ చేయి పట్టుకుని తీసుకువెళ్ళేవారు.

కత్తి చరిత్ర చెబుతుంటే ఆయన మంచి పౌరాణికుడే. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో వాడిన మూడు పలకల బాకు చూపి, "పొడవడం తప్ప దీనికేం చేతకాదు. బ్రెడ్ కూడా కొయ్యలేదు" అనేవారు. తరువాతి యుద్ధంలో కమాండోలకిచ్చిన సన్నని బాకుతో డబ్బాలు తెరవబోతే మొన విరిగేదట. తోలు బిళ్ళలు పేర్చిన పిడి, వెడల్పైన అలుగు ఉన్న కత్తి వచ్చాక, పోరుకూ పెట్టెలు తెరవడానికీ అదే సరిపోయిందట. "సిపాయి ఫైట్ చేసేది కాసేపే బావగారూ. మిగతా టైమంతా సంసారమే!"

నేను చదువుకున్న కావ్యాల్లో ఆయుధాలకు తేజస్సు ఉంది. అన్నం డబ్బా తెరిచే కత్తిని మాత్రం ఏ కవీ వర్ణించినట్టు గుర్తులేదు. ఆ లోటు ఆయన తీర్చారు.

మా ఇద్దరి మనవరాలు సైన్యంలో వైద్య సహాయకురాలిగా చేరింది. ఇరాక్‌కు బయలుదేరే ముందు, "నీ నైవ్స్‌లో ఒకటి ఇస్తావా తాతా?" అని ఆయనను అడిగింది. జీవితమంతా కత్తులను ప్రేమించిన మనిషికి, ఆ పిల్ల చేతిలో ఏది పెట్టాలో తేలలేదు. అందమైన బాకు తీసేవారు, మళ్ళీ లోపల పెట్టేసేవారు. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి గరాజ్‌లో నిప్పురవ్వలు. తోలుపిడి కత్తి మొనను గ్రైండర్ మీద గుండ్రంగా అరగదీస్తున్నారు.

"అయ్యో, కలెక్షన్ పాడుచేస్తున్నారే!" అన్నాను.

"దెబ్బ తగిలినవాడి బట్టలు కోసేటప్పుడు మొన ఒంట్లో దిగకూడదు. కాల్చడానికి తుపాకి ఆర్మీవాళ్ళెలాగూ ఇస్తారు" అన్నారు. మళ్ళీ నవ్వి, "విల్లు దించమని రోజూ మీరు నమకంలో రుద్రుణ్ణి బతిమాలతారు కదా. నేను గ్రైండర్ పట్టుకున్నాను, అంతే తేడా!"

కత్తి అందిస్తూ మనవరాలికి చెప్పారు: "తుడిచి నూనె రాయి. ఒరలో నిద్రపుచ్చకమ్మా, తోలు చెమ్మ పీల్చి ఉక్కును తినేస్తుంది. ఒర పక్కన పడుకోబెట్టు."

మనవరాలు తిరిగివచ్చిన రోజు ఆయన ముందు కత్తినే అందుకున్నారు. "దేనికి వాడావే?"

"బూట్స్ కట్ చేశా తాతా, యూనిఫామ్స్ కట్ చేశా. ఒక సీట్‌బెల్ట్... మ్యాంగో కూడా!"

"మధ్యలో కడిగావా లేదా?"

"తాతా! ఛీ!"

ఆయన పగలబడి నవ్వి, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

కర్మ జరిగిన రోజున దర్భకట్టకు బిగిసిన నైలాన్ తాడు ఊడలేదు. "సిజర్స్ ఉన్నాయా అమ్మా?" అన్నారు పురోహితులు. మనవరాలు ఆ మొద్దుమొన కత్తి తీసి ఒక్క కోతతో తెంపింది. సాయంత్రం ఆయన గదిలోకి వెళ్ళి, అలుగు తుడిచి నూనె రాసింది. ఖాళీ ఒరను ఆయన కుర్చీలో ఉంచి, దాని పక్కన కత్తిని పడుకోబెట్టింది.