తోడికోడలి కొత్త మోకాళ్ళు

మోకాళ్ళ నొప్పి స్వర్ణలతకే ముందొచ్చింది. ఈ సంగతి బనగానపల్లెలో ఒక్కరికీ గుర్తు లేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం, మంచం మీది నుంచి లేవబోయే ముందు కాసేపు ఆలోచించడం, వావిలాకు ఉడకేసిన నీళ్ళతో కాపడం పెట్టుకోవడం, ఇవన్నీ ఆ ఇంట్లో మొదలుపెట్టింది ఆమే. పెద్దకోడలు రాజ్యలక్ష్మమ్మ అప్పటికింకా మామిడితోట గట్ల మీద మగరాయుడిలా తిరుగుతోంది. ఆమెకు నొప్పి తర్వాతెప్పుడో వచ్చింది. వచ్చీ రావడంతోనే స్వర్ణలత నొప్పిని దాటిపోయింది. కాళ్ళు రెండూ విల్లులా వంగాయి. గడప దాటడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి కర్నూలు పోయి రెండు మోకాళ్ళూ మార్పించుకుని వచ్చి, మీట నొక్కితే తల వైపు లేచే మంచం మీద రాణిలా పడుకుంది.

నొప్పిలో కూడా నేను రెండోదాన్నే అనుకుంది స్వర్ణలత.

ఆమె ప్రొద్దుటూరు వైపు పిల్ల. పుట్టింట్లో నలుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఆమె తినేదాకా తండ్రి కంచం ముందు నుంచి లేచేవాడు కాదు. అలాంటిది సుదర్శన్‌ను చేసుకుని ఈ ఇంటికి రాగానే చిన్నకోడలైపోయింది. పేరంటంలో తాంబూలం రెండోది. చీరల మూట విప్పితే రంగు ఏరుకునే వంతు రెండోది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు తోటలో కాలువ పక్క సగం బావగారికి పోయింది, గుట్ట పక్క సగం మొగుడికి వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ చెడ్డదేం కాదు. చెడ్డదైతే స్వర్ణలతకు ఇంత మంట ఉండేది కాదు. నలుగురి ముందూ తిట్టి చల్లబడేది. మంచిదాని మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో కుళ్ళుకున్నవాళ్ళకే తెలుసు.

పంపకాలైనా ఇళ్ళు రెండూ ఒకే గోడకు అటూ ఇటూ. వాకిలి ఒక్కటే. కాబట్టి ఆపరేషన్ అయినామెను చూసిపోవడానికి వచ్చినవాళ్ళంతా స్వర్ణలత కళ్ళ ముందు నుంచే పోవాలి. ఒకరు హార్లిక్స్, ఒకరు బ్రెడ్డు, ఇంకొకరు సంచీ నిండా చీనీకాయలు. పెద్దామె కొడుకూ కోడలూ సెలవు అయిపోయి కర్నూలు వెళ్ళిపోయారు. కనుక వచ్చినవాళ్ళకు టీ పెట్టే పని ఎవరిది? స్వర్ణలతది.

ఒకనాడు పక్క వీధి నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది. ఇద్దరు కోడళ్ళకూ పిన్ని వరుస. మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎంత ఓర్చుకుంటివి తల్లీ! ఎముక కోసి ఇనుము పెట్టినారంటనే!"

"ఇనుము కాదు పిన్నీ, అదేందో తుప్పు పట్టందంట."

"నొప్పి ఎట్లుండాది?"

"ఆ పాత నొప్పి పోయింది. కోసిన నొప్పి ఉండాది. ఆ వ్యాయామం చేయించే యేసుప్రసాద్ వచ్చి కాలు వంచుతాడు సూడు, అప్పుడు మాత్రం మా అమ్మ కనపడతాది."

లక్ష్మీదేవమ్మ కళ్ళు ఒత్తుకుంది. స్వర్ణలత టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. కుంటవలసిన దానికంటే కొంచెం ఎక్కువే కుంటింది.

"ఏమే స్వర్ణా, నువ్వేమి ఎగుడు దిగుడు నడుస్తాండావు?"

"నాకూ మోకాళ్ళే కదా పిన్నీ. అక్క కంటే ముందు నుంచీ."

"నీకేమిలేవే, రుబ్బురోలు మాదిరి ఉండావు. ఈ టీలో చక్కెర తక్కువైంది సూడు."

స్వర్ణలత చక్కెర డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళి, డబ్బా మూత తీయకుండా చాలాసేపు అలాగే నిలబడింది. ఆ రోజే నిశ్చయించుకుంది, తనకూ ఆపరేషన్ కావాలని. అదే ఆసుపత్రి, అదే డాక్టరు, రెండు మోకాళ్ళూ.

మధ్యాహ్నం భోజనం దగ్గర మాట ఎత్తితే సుదర్శన్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

"ఆపరేషనంటే చీర అనుకుంటివా? ఆయమ్మ కట్టుకుంటే నాకూ అట్లాంటిదే కావాలనేకి?"

"మీ వదినకైతే ఎముకలు, నాకైతే కట్టెలా?"

"నీకంత నొప్పి ఉంటే నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పినా. మీరు టీవీ సూస్తాంటిరి."

 మరుసటి వారం ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు.

డాక్టరు ఆమెను నిలబెట్టి ఎక్స్‌రే తీయించాడు. దాన్ని వెలుతురుకు పెట్టి, పెన్సిలుతో చూపించాడు. "ఇదిగోమ్మా, ఈ ఎముకకూ ఈ ఎముకకూ నడుమ సందుంది. తగ్గింది, కానీ ఉంది."

"మా అక్కకో సార్?"

"ఆమెకు అసలు లేదు. ఎముక ఎముకను రాసుకుంటోంది. అందుకే చేశాం."

ఇంకొకరైతే దేవుడికి దండం పెట్టుకునే మాట అది. స్వర్ణలతకు మాత్రం పరీక్ష తప్పినట్లయింది.

"ఎంత సందుంటే చేస్తారు సార్?"

డాక్టరు నవ్వాడు. "సందును బట్టి కాదమ్మా, బతుకును బట్టి చేస్తాం. రాత్రి నిద్ర పడుతోందా? బజారుకు పోయి రాగలరా?"

"పోతా. నొప్పితోనే పోతా."

"అయితే ముందు బరువు తగ్గండి. తొడ కండరం గట్టిపడే వ్యాయామం రాసిస్తాను, రోజూ చేయండి. తొడ గట్టిగా ఉంటే మోకాలికి కష్టం తగ్గుతుంది. నొప్పి మరీ ఎక్కువైన రోజు మాత్ర వేసుకోండి, రోజూ మింగితే కడుపూ కిడ్నీలూ చెడతాయి. వాపొస్తే ఇంజెక్షన్ ఉంది, కొన్నాళ్ళు పని చేస్తుంది. కింద కూర్చోవడం తగ్గించండి. ఇవన్నీ చేసినా మంచాన పడే పరిస్థితి వస్తే రండి, నేనే చేస్తాను. పెట్టిన కీలు కూడా అరిగేదే. తొందరపడితే ఇంకోసారి మార్చాల్సి రావచ్చు."

బయటికి వచ్చాక స్వర్ణలత ఆ చీటీని మడిచి మొగుడి జేబులో కుక్కింది. "ఆయమ్మకేమో కొత్త మోకాళ్ళు. నాకేమో అన్నం తగ్గించు!"

ఊరికే వెనక్కి వచ్చే మనిషి కాదు. అదే ఊళ్ళో ఇంకో ఆసుపత్రికి నడిపించింది. అక్కడ ఎక్స్‌రే కవర్లోంచి సగం బయటికి రాకముందే "చేద్దాం" అన్నారు. ఎండాకాలంలో, మామిడికోతల నడుమ ఒక తేదీ ఇచ్చారు. కోతల్లో ఇంట్లో ఎంత పనుంటుందో ఆమెకు తెలుసు. అయినా సరేనంది. ఒకసారి తను లేకపోతే ఎట్లుంటుందో వాళ్ళకూ తెలియాలి.

"ఆ పెద్దాయన వద్దన్నాడు కదే!" అన్నాడు సుదర్శన్.

"ఆయన మీ వదిన డాక్టరు. ఈయన నా డాక్టరు."

ఇంటికి రాగానే పాలుపోసే ఆమెతో చెప్పింది, పూలమ్మే ఆమెతో చెప్పింది, గోడవతలికి వినపడేటట్లు తమ్ముడికి ఫోనులో చెప్పింది. ఆసుపత్రికి రెండు కొత్త నైటీలు కొనుక్కుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో, లక్ష్మీదేవమ్మకు ఏ కుర్చీ వేయాలో కూడా అనుకుంది. విరిగిన కోడున్నది వేయాలి.

ఇంతలో ఆమెకు ఇంకో మంట మొదలైంది. వ్యాయామం చేయించే యేసుప్రసాద్ పొద్దున్నే మోటారుసైకిలు మీద వచ్చేవాడు. ఒక్క మనిషి కోసం అంత దూరం నుంచి ఒక మనిషి! నడిమి గోడకున్న కిటికీ జాలీలోంచి ఆమెకు అంతా కనిపించేది.

"మోకాలిని మంచానికేసి అదమండమ్మా. తొడ బిగించండి. ఊఁ, పట్టండి, పట్టండి. శాబాష్!"

నాకు ఎవరన్నా ఎప్పుడన్నా శాబాష్ అన్నారా అనుకుంది స్వర్ణలత. తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద కాళ్ళు చాపి, ఆయన అవతల చెప్పేది ఇవతల చేయడం మొదలుపెట్టింది. డాక్టరు చీటీలో రాసిందీ అదే. కానీ చీటీలో ఉన్నంతకాలం అది ఆమెకు అక్కర్లేకపోయింది. అక్కకు చేయిస్తున్నారంటేనే కావాలనిపించింది. రాజ్యలక్ష్మమ్మ కాలు కొంచెం ఎత్తితే ఈమె ఇంకొంచెం ఎత్తేది. అవతల ఆమె చీలమండకు ఇసుకసంచీ కట్టారని చూసి, ఇవతల ఈమె పాత చీర పేలికతో ఉప్పు ప్యాకెట్లు కట్టుకుంది. కొత్త కీళ్ళ మీద బరువు పడకూడదని అక్క కొర్రన్నానికి దిగితే, ఈమె పట్టుదలగా ఒక పూట అన్నమే మానేసింది.

ఉగాది నాటికి విచిత్రం జరిగింది. మిద్దె మెట్లు దిగి వస్తూ, చెయ్యి గోడ మీద లేదని చూసుకుంది. నొప్పి ఉంది గానీ మునుపటిది కాదు. ఎవరితోనూ అనలేదు. అందరి ముందూ కుంటడం మానలేదు. ఆపరేషన్ తేదీ దాకా ఆ నొప్పి ఆమెకు కావాలి మరి.

తోటలో మొదటి కోత దిగింది. బనగానపల్లె కాయలు బుట్టల్లో వాకిట్లోకి వచ్చాయి. అమ్మకానికి పోయేవి పోగా, చుట్టాలకు పంపే కాయల్ని ఇంట్లోనే మాగేస్తారు. వెనక కొట్టంలో వరిగడ్డి పరిచి, కాయకు కాయ తగలకుండా తొడిమ కిందికి పెట్టి, పైన మళ్ళీ గడ్డి కప్పాలి. రోజూ చేతితో తడిమి, పండింది ఏరి, మచ్చ పడింది తీసేయాలి. అదంతా నేల మీద గొంతుకూర్చుని, అలాగే జరుగుతూ చేసే పని. ఇన్నేళ్ళూ ఇద్దరూ చేశారు. పేరు మాత్రం ఒకరికే వచ్చింది. కడప నుంచి హైదరాబాదు దాకా చుట్టాలందరిదీ ఒకటే మాట: "రాజ్యలక్ష్మమ్మ చేతి పండు."

ఆ పొద్దున స్వర్ణలత బుట్ట చంకన పెట్టుకుని కొట్టం గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపల రాజ్యలక్ష్మమ్మ ఉంది. చేతికర్ర లేదు. కాళ్ళు రెండూ గీత గీసినట్లు నిటారుగా ఉన్నాయి. చూడగానే స్వర్ణలత కడుపులో మళ్ళీ మంట. ఏం నిలబడింది! పెళ్ళిచూపుల పిల్లలా నిలబడింది!

రాజ్యలక్ష్మమ్మ గడ్డి వైపు చూసింది. గుంజ పట్టుకుని మెల్లగా కిందికి దిగబోయింది. సగం దాకా దిగింది. అక్కడ ఆగిపోయింది. చెయ్యి కింది కాయ కోసం చాపింది, అందలేదు. ఇంకొంచెం వంగబోయి, భయపడి, గుంజనే కౌగిలించుకుని మళ్ళీ పైకి లేచింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో తోడికోడలు.

"వంగదే అది," అంది చీర సర్దుకుంటూ. "నడిచేకి శానా బాగుంటాది. రాత్రి హాయిగా నిద్ర పడతాది. కింద మాత్రం కూచోవద్దన్నారు. నేనే, ఏమవుతాదిలే అని సూసినా."

"అయ్యో, ఎందుకక్కా నీకు ఈ తిప్పలు!" అంది స్వర్ణలత. నోరు అయ్యో అంది గానీ, ఒళ్ళంతా చల్లటి మజ్జిగ తాగినట్లయింది. చిన్న పీట లాగి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, గడ్డిలో కూర్చుంది. అది చాలదని పీట పక్కకు తోసేసి గొంతుకూర్చుంది. డాక్టరు తగ్గించమన్నాడు గానీ మానమనలేదు కదా. కాయలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ ముందుకు జరిగింది. మోకాళ్ళు మూలిగాయి. మూలగనీ.

కాసేపటికి తల ఎత్తితే రాజ్యలక్ష్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన వైపే చూస్తోంది. కాయల్ని కాదు, తన మోకాళ్ళను. స్వర్ణలత చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ చూపు ఆమె ఎరిగిందే. ముప్పై ఏళ్ళుగా తను చూస్తున్న చూపు అది. తన వైపు ఎవరైనా అలా చూడటం ఇదే మొదలు.

"స్వర్ణా," అంది రాజ్యలక్ష్మమ్మ, గొంతులో తేనె పోసుకుని, "నీ ఆపరేషను వచ్చే వారమే కదా?"

"ఊఁ."

"చేయించుకోవే. మంచిది. ఎందుకు నొప్పితో సతమతమైతావు? వాయిదా గీయిదా వేసేవు. కాయలదేముండాది, కూలోళ్ళతో పేర్పిద్దాం."

ఇన్ని నెలల్లో ఆమె స్వర్ణలత ఆపరేషన్ గురించి ఒక్క మాట అనలేదు. ఈ రోజే, ఈ గడ్డి పక్కనే గుర్తొచ్చింది. అసూయ వాసన స్వర్ణలతకు కొత్త కాదు, సొంత చెమట వాసన లాంటిది. ఠక్కున పట్టేసింది.

"సూద్దాంలే అక్కా," అంది.

మధ్యాహ్నం సుదర్శన్‌తో చెప్పింది: "ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పండి."

"నొప్పి పోయిందా?"

"యాడికి పోతాది? ఉండాది."

"మరి?"

"ఆ పెద్దాయన వద్దన్నాడు కదా. శానా చదువుకున్న మనిషి."

సుదర్శన్ భార్య ముఖం వైపు చూసి, నైటీల సంగతి అడగబోయి, మానుకుని ఫోన్ తీశాడు.

ఆ రోజు నుంచి స్వర్ణలత కుంటడం మానేసింది. అడుగు కూడా మునుపటి కంటే చురుగ్గా వేసింది. తలుపు గడియ తీసేసి, అక్కకు కనిపించేటట్లు వాకిట్లోనే చాప పరుచుకుని కాళ్ళెత్తింది. యేసుప్రసాద్ పోతూ పోతూ చూసి "బాగా చేస్తాండారమ్మా" అంటే, "అక్కకు వినపడలేదంట, మళ్ళీ చెప్పప్పా" అంది.

పండ్లు చుట్టాల ఇళ్ళకు చేరాయి. కడప నుంచి పద్మప్రియ, రాజ్యలక్ష్మమ్మ చెల్లెలి కూతురు, ఫోన్ చేసింది. రాజ్యలక్ష్మమ్మ కొట్టం ముందు కుర్చీలో ఉంది. చెవి సరిగా వినపడక ఫోన్‌ను పెద్దగా పెట్టుకునే అలవాటు. లోపల గడ్డిలో ఉన్న స్వర్ణలతకు ప్రతి మాటా వినబడుతోంది.

"పెద్దమ్మా, ఈసారి పండ్లు ఎంత బాగుండాయో! ఆపరేషనైనా నీ చెయ్యి నీ చెయ్యే!"

రాజ్యలక్ష్మమ్మ కొట్టం లోపలికి ఒకసారి చూసింది. తర్వాత, "ఊఁ... ఈసారి ఎండలు బాగా కాసినాయి కదా," అంది.

ఎండలంట!

"అక్కా!" స్వర్ణలత కేక వేసింది, ఫోన్లో పడేంత గట్టిగా. "పద్మను పెట్టేయద్దని చెప్పు! నేను ఈడ పండ్లు ఏరుతా కింద కూచోనుండా! లేచొచ్చి మాట్లాడతా!"

లేచేటప్పుడు కుడి మోకాలు కటుక్కుమంది. నొప్పి తొడ దాకా పాకింది. ఆ చప్పుడు బయట కుర్చీ దాకా పోకుండా స్వర్ణలత గట్టిగా దగ్గింది.