అవ్వ మూసిన విమానం ముక్కు

మొన్న గణతంత్ర దినాన టీవీలో యుద్ధ విమానాలు బారులు తీరి పోతుంటే చేతిలోని చాయ్ చల్లారిపోయింది. వాటి వేగం కంటే ఆకారం మీదే నా చూపు నిలుస్తుంది. ఆకాశంలో మోత వినబడితే చాలు, వాకిట్లోకి పరుగెత్తి తల పైకెత్తిన రోజులు మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి.

మాది నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే ఇల్లు. తేలికైన పొనికి కర్రను బాపు ఉలితో చెక్కితే, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులూ సందులూ కనబడకుండా మెత్తడం అవ్వ పని. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. పోలీసు చర్య నాళ్లలో మా ఊరి మీదుగా పోయిన విమానాన్ని చూసి బాపు ఒకటి చెక్కాడు. ముందు పంకా, రెండు పక్కలా సూటిగా చాచిన రెక్కలు. మామిడిపండ్లు, సీతాఫలాలు, జింకల మధ్య ఆ విమానం ఏళ్ల తరబడి అలాగే అమ్ముడుపోయింది.

నిజం విమానాలు మాత్రం అలాగే ఉండిపోలేదు. అరవై అయిదు యుద్ధం నాటికి నేను హైదరాబాదులో ఒక దినపత్రికలో కొత్తగా చేరి, ఫొటోల కింద నాలుగు ముక్కలు రాసే పనిలో ఉన్నాను. మొదట్లో యుద్ధ విమానాలకు కర్ర చట్రం మీద గుడ్డ చుట్టి, ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు పెట్టారనీ, తర్వాత లోహపు ఒడలూ ఒకే జత రెక్కలూ వచ్చాయనీ, జెట్టు వచ్చాక పంకా పోయిందనీ, ధ్వని వేగాన్ని అందుకోబోతే గాలే గోడలా అడ్డుపడుతుంది కనుక రెక్కలను వెనక్కి వాల్చారనీ ఆ పని చేస్తూనే తెలుసుకున్నాను. ఊరికి వెళ్లినప్పుడు ఇవన్నీ చెబుతుంటే బాపు కథ విన్నట్టు వినేవాడు.

అప్పటికి ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి మా ఇంటి పని సగమైంది. హైదరాబాదులో మా బొమ్మలు కొనే దుకాణం మేనేజరు, పంకా విమానాలను ఇక ఎవరూ అడగడం లేదని, జెట్టు నమూనా పంపితే, అది నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానని కబురు పెట్టాడు. అదీ కాకపోతే ఉలి పక్కన పెట్టి కలప డిపోలో చేరతానన్నాడు బాపు.

"డిపోల మొద్దులు మోసుడు నీతోని అయితదా? కూసున్న కాడనే నడుము పట్టుకుంటవ్," అంది అవ్వ.

నేనిచ్చిన ఫొటో చూసి బాపు చెక్కిన జెట్టు గడ్డి కుక్కిన పెట్టెలో, బస్సులో నా దగ్గరికి వచ్చింది. దాన్ని దుకాణంలోనే విప్పాను. రెక్కలు చక్కగా వెనక్కి వాలి ఉన్నాయి. ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే నోరు ఉండాల్సిన చోట మాత్రం నున్నగా మెత్తి ఎర్రరంగు వేసి ఉంది.

"ఇది విమానమా, కొర్రమీనా? ముక్కు మూస్కుంటే ఊపిరెట్ల తీస్తది?" అని మేనేజరు నవ్వాడు. నవ్వినా, దసరాలోపు ఇంకొకటి తెమ్మన్నాడు.

ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను.

"నేను తొలిచింది గాలి కోసమే. నువ్వు పూడ్చి పెట్టినవా?" అన్నాడు బాపు.

"పురుగు తొలిచిందనుకున్న. విమానం ముక్కుతోని గాలి పీలుస్తదని నాకెట్ల ఎరుక? గదేమన్న మనిషా?"

అవ్వను తప్పు పట్టడానికి లేదు. మా ఇంట్లో కర్రకు రంధ్రం ఉందంటే అది లోపమే; కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె చేతులు దాన్ని మూయడమే నేర్చాయి.

మళ్లీ మొదలుపెట్టారు. పొనికి మెత్తని కర్ర. నోటి అంచు పలుచన చేయగానే చీలేది. ఒకటి చీలింది, మరొకటి చీలింది. చివరికి బాపు ఉలి విసిరేసి, రేపే డిపోకు పోతానన్నాడు. అవ్వ ఆ ఉలిని తీసి మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఇంకొకటి చెక్కు. అంచు జర మందంగ ఉంచు. తక్కింది నేను జూస్త."

అంచు లోపలా బయటా అదే చింతగింజల జిగురు పలచగా పూసి, నీడన ఆరనిచ్చి, మళ్లీ పూసింది. అది గట్టిపడ్డాక బాపు ఊపిరి బిగబట్టి అంచును సన్నగా గీకాడు. చీలలేదు. దసరాకు ముందే ఆ నమూనా ఒప్పుకోలైంది, బాపు కలప డిపో గడప తొక్కనేలేదు.

చాలా ఏళ్లకు నా బల్ల మీదికి ఒక కొత్త విమానం ఫొటో వచ్చింది. ముక్కులో రాడారు పెట్టడానికి దాన్ని మూసేసి, గాలి దారులను పక్కలకు మార్చారు. ఆ ఫొటోను ఇంటికి పట్టుకెళ్లాను. చూపు మందగించిన అవ్వ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"జూసినవా కొడుకా, నేను ముందుగాలనే మూసిన. గప్పుడు కొర్రమీనన్నరు."

"గా ఇంజనీర్లు నిన్నడిగితే గిన్నేండ్లు పట్టకపోవు," అన్నాడు బాపు.

ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఇప్పటి బొమ్మ విమానాలు ఏ సందూ లేకుండా అచ్చులోంచి నేరుగా వస్తున్నాయి. చేత్తో తడిమి, ఏ రంధ్రం మూయాలో, ఏది ఉంచాలో పోట్లాడుకునే ఇల్లే ఇప్పుడు లేదు.