ఎడమచేతి ముడి

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. సూరత్‌లో నా బతుకంతా సాంచాల మధ్యే, అంటే మరమగ్గాల మధ్యే గడిచింది. ఆ చప్పుడుకు దయ్యమైనా చెవులు మూసుకుని పారిపోవాల్సిందే. అందుకే ఇది చెప్పాలంటే నాకే నవ్వొస్తుంది. అయినా జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా అమ్మాయి సుజాత దౌత్య అధికారి. సూరత్ నవాగామ్ బస్తీలో రెండు గదుల ఇంట్లో పెరిగిన పిల్ల, ఎక్కడో చలిదేశంలో మన రాయబార కార్యాలయంలో కూర్చుంది. ఆ కొలువేమిటో మా గల్లీలో ఎవరికీ తెలియదు. పాస్‌పోర్టులు ఇస్తుందనుకుని అందరూ నా దగ్గరికి వచ్చేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు, గొప్పగా ఉండేది మరి.

ఆ ఉద్యోగంలో చేరాక సూటిగా జవాబు చెప్పడం మరిచిపోయింది. పండక్కి వస్తావా అంటే "చూద్దాం బాపూ". పెళ్ళి చేసుకుంటావా అంటే "అది గుడ చూద్దాం".

చిన్నప్పుడు నాకు అన్నం డబ్బా తెచ్చి, సాంచా పక్కన నిలబడి తెగిన పోగులు కలిపేది. ఎడమచేతి వాటం. అందుకే ఆమె ముడి అందరి ముడిలా కాక తిరగబడి పడేది. వేశాక గోటితో టక్కున మీటి, "ఇగ ఊడదు" అనేది.

"ఏందే బిడ్డా, గీ ఉల్టా ముడి?" అని ఏడిపించేవాణ్ణి. ఊడేది మాత్రం కాదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు నేను ఆస్పత్రి పాలయ్యాను. ఆ చలిదేశంలో సుజాత, చిక్కుకుపోయిన మనవాళ్ళను ప్రత్యేక విమానాలు ఎక్కించే పనిలో ఉంది. నువ్వూ ఎక్కి రా బిడ్డా అని వాళ్ళమ్మ ఫోన్లో ఏడ్చింది.

"పంపేదాన్ని నేనే ఎక్కి కూసుంటె ఎట్లనే అమ్మా? వాళ్ళకు గుడ అమ్మలున్నరు" అందట. ఆ ఒక్కసారి సూటిగానే చెప్పింది. నాకు గర్వమూ కలిగింది, ఏడుపూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం నా ఆక్సిజన్ మాస్కు పట్టీ ఎడమ చెవి దగ్గర పుటుక్కున తెగింది. మాస్కు గడ్డం మీదికి జారింది. చెయ్యి లేవదు, గొంతు పెగలదు. నర్సులందరూ అవతలి మంచం దగ్గర ఒకాయన ప్రాణం కోసం పోరాడుతున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. పోగు తెగితే సాంచా ఆగుతుంది, అంతే కదా అనుకున్నాను. బిడ్డను చూడకుండా పోతున్నానే అని ఒకటే బాధ.

అప్పుడు చెవి వెనక వేళ్ళు తగిలాయి. పట్టీ బిగిసింది. ఆ తర్వాత గోటితో టక్కున మీటినట్టయింది. కళ్ళు తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు.

సాయంత్రానికి చెయ్యి లేచింది. తడిమి చూశాను. అది నేతవాళ్ళ ముడి. తిరగబడి ఉంది.

ఎవరు కట్టారని నర్సమ్మను అడిగాను. ఆమె ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. "పతా నహీ కాకా, హమ్ తో టేప్ లగాతే హై" అంది. తాము ముడి వెయ్యరట, టేపే అంటిస్తారట.

జ్వరంలో ఏదేదో మాట్లాడుతున్నానంటారని ఇంకెవరికీ చెప్పలేదు. ఇంటికి చేరాక సుజాత వీడియోలో కనిపించింది. ఎట్లున్నవని కూడా అడగలేదు.

"బాపూ, ముడి ఊడలే గదా?"

నా ఒళ్ళు జల్లుమంది. "ఊడలే బిడ్డా" అన్నాను.

నీకెట్ల తెలుసని తర్వాత చాలాసార్లు అడిగాను. "ఏమో బాపూ, నోటికొచ్చింది. అన్నం తిన్నవా?" అని మాట మారుస్తుంది. ఆ ఆస్పత్రిలో నేతింటి పిల్ల, అదీ ఎడమచేతి పిల్ల, ఎవరైనా ఉండి ఉండవచ్చు. మరి ఆ సంగతి మా అమ్మాయికి ఎవరు చెప్పారు?

ఇది రాస్తుంటే నా భార్య కోప్పడింది. "దయ్యాల ముచ్చట్లల్ల దాన్నెందుకు కలుపుతున్నవయ్యా? బిడ్డ వచ్చి తండ్రిని చూసిపోయింది. గంతే."

ఆమెకు అంత తేలిగ్గా అర్థమైనది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అప్పుడప్పుడూ ఎడమ చెవి వెనక వేలు పెట్టి తడిమి చూసుకుంటాను.