పూత పడని చుక్కలు

బందరు ఉప్పుగాలి సంగతి చెప్పినా పైఊళ్లవాళ్లు నమ్మరు. గోడకు మేకు కొట్టి సుత్తి దించేలోపే తుప్పు పట్టిన మేకులున్నాయి ఇక్కడ. అలాంటి ఊళ్లో బషీర్ సొంతంగా రేడియోలు కట్టి అమ్మేవాడు. పలక మీద సన్నటి రాగి గీతలు దించి, వాటికి రేడియో సామాను కరిగించిన సీసంతో అతికేవాడు. పాట బాగానే వచ్చేది. నెల తిరిగేసరికి రాగికి చిలుం పట్టి రేడియో మూగపోయేది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు నాగాయలంక నుంచి అప్పారావు వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. వాతావరణం చెప్పే రేడియో లేనిదే పడవెక్కనని భార్య కొండమ్మకు మాటిచ్చాడు. బషీర్ దగ్గర కొన్నదేమో రెండుసార్లు నోరు మూసుకుంది.

"ఈసారీ మూగబోయిందంటే నిన్నే పడవకి కట్టుకుపోతాను బావా. మబ్బు చూసి నువ్వే చెబుదువుగాని," అన్నాడు.

బషీర్‌కి ఆ మాట గట్టిగానే తగిలింది. తండ్రి మీరా సాహెబ్ ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి పూసేవాడు. గోరంత చోటు వదిలినా పులుసు చిలుమెక్కుతుందన్నది ఆ ఇంటి శాసనం. ఆ శాసనం ప్రకారమే బషీర్ కొత్త పలక మొత్తానికి వార్నిష్ పూసేశాడు. తీరా అతకబోతే కరిగిన సీసం తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయింది. బ్లేడుతో గీకితే రాగి గీత కూడా లేచి వచ్చింది.

అతికాక పూద్దామంటే సామాను సందుల్లోకి కుంచె దూరదు. అతుకు పడేచోట రాగి బయట ఉండాలి, తక్కినదంతా దాగాలి. ఎలాగా అనుకుంటూ ఇంటికి వెళ్తే, భార్య ఖైరున్ బీ, తమ కూతురు మున్నీ అరచేతిలో అగ్గిపుల్లతో గోరింటాకు చుక్కలు పెడుతోంది. బషీర్ ఆ ముద్ద కొంచెం అడిగాడు.

"పలకకి పెళ్లి చేస్తున్నావా ఏంటి?" అంది ఖైరున్ బీ.

అతుకు పడాల్సిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టి, ఆరాక పైన పల్చగా వార్నిష్ పూశాడు. అదీ ఆరాక తడిగుడ్డతో రుద్దితే చుక్కలు పైనున్న వార్నిష్‌తో సహా ఊడి వచ్చాయి. గోరింటాకులో నూరిన చింతపండు పులుపుకి కింది రాగి తోమిన బిందెలా మెరిసింది.

అది చూసి మీరా సాహెబ్ ఇన్ని చిల్లులు వదిలావేమిటని కొడుకును చీవాట్లు పెట్టాడు. బషీర్ అతకడం మొదలుపెట్టాడు. ఒక్కో చుక్కనూ సీసం నిండుగా కప్పేసింది. ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"వదిలినచోటికి సీసంతో కళాయి నువ్వే పూస్తున్నావుగా. సరే, కానివ్వు," అన్నాడు.

అప్పారావు రేడియో పట్టుకెళ్లాడు. నెల దాటింది, మనిషి జాడ లేదు. నాగాయలంక బస్సు వచ్చినప్పుడల్లా బషీర్ దిగేవాళ్లను చూసేవాడు. ఆ తర్వాత ఒకరోజు అప్పారావు బుట్టెడు చేపలతో బస్సు దిగాడు.

"మూగపోయిందా?" అన్నాడు బషీర్ ముందే.

"అది నోరు మూయడమే లేదు బావా. పొద్దస్తమానం కొండమ్మ చేతిలోనే. వాతావరణం తనే విని, వెళ్లమంటే వెళ్తున్నాను, వద్దంటే మానేస్తున్నాను. నాకోటి వేరే కట్టిపెట్టు."